పాత పికప్ బండి అదిరితే – కారణం పట్టుకొనే పద్ధతి



ఎద్దు కుంటితే రైతు దాని కాలు ఎత్తి చూస్తాడు. గిట్టలో ముల్లు దిగిందా, మోకాలు వాచిందా, నాడా వదులైందా అని ఒక్కొక్కటే చూచుకొని, ఆ తరువాతనే వైద్యం సంగతి ఆలోచిస్తాడు. బండి అదిరితే మాత్రం మనలో చాలామంది తిన్నగా మెకానిక్కు షెడ్డుకు తోలుకుపోయి, "బండి అదురుతున్నదయ్యా, కాస్త చూడు" అని తాళంచెవి చేతికిచ్చి వచ్చేస్తారు. ఏ వేగంలో అదురుతున్నది, లోడు మీదనా, ఖాళీగానా, గేరు మార్చితే ఏమవుతున్నది – ఈ నాలుగు ముక్కలు చెప్పకపోతే మెకానిక్కు మాత్రం ఏమి చేయగలడు? తనకు తోచిన సామాను ఒకటొకటిగా మారుస్తాడు. డబ్బు ఖర్చవుతుంది, అదురు అట్లాగే ఉంటుంది.

అందుచేత ఈనాడు పాత పికప్ బండ్లలో వచ్చే అదురును గురించి, ముఖ్యంగా ఇంజను బలాన్ని వెనుక చక్రాలకు చేరవేసే షాఫ్టు వద్ద పుట్టే అదురును గురించి తెలుసుకొందాము. ఇది ఒళ్ళు నొప్పులతో పోయే విషయం కాదు. అదురుతున్న బండిలో బోల్టులు వదులవుతాయి. గేరుపెట్టె సీళ్ళు పాడై ఆయిలు కారుతుంది. టమాటా పెట్టెల్లో అడుగు వరుస నలిగిపోతుంది. అన్నిటికంటె మించి, అరిగిన క్రాసు నడిరోడ్డు మీద విరిగితే ప్రాణానికే ముప్పు. కనుక కొంచెం ఓపికగా వినండి.

ముందు బండి క్రింద ఏమున్నదో చూద్దాం. బొలెరో పికప్, టాటా ఏస్ వంటి బండ్లలో ఇంజను ముందు వైపున ఉంటుంది, బండిని నడిపేవి వెనుక చక్రాలు. ఇంజను తరువాత క్లచ్చి, దాని వెనుక గేరుపెట్టె. గేరుపెట్టె నుంచి వెనుక హౌసింగు వరకు పోయే ఇనుప గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. హౌసింగు లోపల చిన్న పినియను పళ్ళచక్రం పెద్ద క్రౌను పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. దానితో చక్రాలు తిరుగుతాయి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గేరుపెట్టె బండి చట్రానికి బిగించి ఉంటుంది. హౌసింగు మాత్రం కమాను కట్టల మీద ఉండి, గతుకు వచ్చినప్పుడల్లా పైకి, క్రిందికి ఆడుతుంది. మధ్యనున్న షాఫ్టు కర్రలాగా బిగుసుకొని ఉంటే విరిగిపోతుంది. కాబట్టి షాఫ్టు చివరల వద్ద వంగుతూ తిరిగే కీళ్ళు పెట్టారు. వీటినే మనవాళ్ళు క్రాసులు అంటారు. కూడిక గుర్తు ఆకారంలో ఉన్న ఇనుప ముక్క, దాని నాలుగు కొసలకు నాలుగు టోపీలు, టోపీల్లో సూదుల్లాంటి సన్నని బేరింగులు – ఇదీ క్రాసు నిర్మాణం. అదిగాక షాఫ్టు పొడుగు కూడ కొంచెం పెరగడానికి, తగ్గడానికి వీలుగా ఒకచోట గాడులు కోసి, ఒకదానిలో మరొకటి జారేటట్లు చేస్తారు. దీనిని స్ప్లైను అంటారు. బండి పొడుగైతే షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి, నడుమ రబ్బరులో కూర్చోబెట్టిన సెంటర్ బేరింగు ఒకటి ఉంటుంది.

ఈ క్రాసు కీలుకు ఒక స్వభావం ఉన్నది. ఇది తెలిస్తే మిగతా సంగతి సులువుగా అర్థమవుతుంది. క్రాసు వంగిన కోణంలో తిరుగుతున్నప్పుడు, ఇవతలి వైపు ఒకే వేగంతో తిరిగినా అవతలి వైపు ఒక చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం పెరిగేకొద్దీ ఈ హెచ్చుతగ్గులు పెరుగుతాయి. అయితే షాఫ్టుకు రెండవ కొసన ఇంకొక క్రాసు ఉన్నది గదా! మొదటి క్రాసు చేసిన హెచ్చుతగ్గులను రెండవది సరిచేస్తుంది. ఇందుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, రెండు క్రాసుల వద్ద కోణం సమానంగా ఉండాలి. రెండు, షాఫ్టుకు రెండు కొసలనున్న కొమ్ములు, అనగా క్రాసును పట్టుకొనే చీలికలు, ఒకే వరుసలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా అదురు పుడుతుంది.

ఇక అదురు ఎక్కడిదో పోల్చుకోవడానికి ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే 1,000 మీటర్లు. 215/75 ఆర్ 15 అని వ్రాసివున్న టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కాబట్టి ఆ వేగంలో చక్రం నిమిషానికి సుమారు 455 చుట్లు, సెకనుకు ఏడున్నర చుట్లు తిరుగుతుంది. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 10 పళ్ళు ఉన్నాయనుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్టు 4.1 చుట్లు తిరుగుతుంది. అనగా సెకనుకు సుమారు 31 చుట్లు. క్రాసు కోణం వల్ల పుట్టే అదురు చుట్టుకు రెండుసార్లు కనుక సెకనుకు 62 సార్లు.

ఈ లెక్కతో మనకేమి పని అంటారేమో. పని ఉన్నది. సెకనుకు ఏడెనిమిది సార్లు వచ్చే కుదుపు జల్లెడ పట్టినట్లు ఉంటుంది. స్టీరింగు ఊగడం కంటికి కనిపిస్తుంది. ఇది చక్రాల దోషం. సెకనుకు ముప్పై, అరవై సార్లు వచ్చేది ఊగడంగా తెలియదు. తేనెటీగల తుట్టె దగ్గర నిలుచున్నట్లు జుమ్మని మోత వస్తూ, అరికాళ్ళ క్రింద, సీటు క్రింద తిమ్మిరి పట్టినట్లు ఉంటుంది. ఇది షాఫ్టు దోషం. ఇంకొక గుర్తు కూడ పెట్టుకోండి. స్టీరింగులో తెలిసేది సాధారణంగా ముందు చక్రాలది. సీటులో, వెనుక తొట్టిలో తెలిసేది వెనుక చక్రాలది గాని, షాఫ్టుది గాని అయి ఉంటుంది.

ఇప్పుడు పరీక్షలు చెబుతాను. తిన్నగా, చదునుగా ఉండి, రద్దీ లేని రోడ్డు చూచుకోండి. ప్రక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకొని కాగితం, పెన్సిలు అతని చేతికివ్వండి. తోలేవారు తోలడమే చేయాలి, వ్రాయడం రెండవవారి పని.

మొదటి పరీక్ష: వేగం మెల్లగా పెంచుతూ పోండి. అదురు ఎన్ని కిలోమీటర్ల వద్ద మొదలైంది, ఎక్కడ హెచ్చింది, ఎక్కడ తగ్గింది అన్నది వ్రాయించండి.

రెండవ పరీక్ష: అదే వేగంలో గేరు మార్చి చూడండి. 50 కిలోమీటర్ల వద్ద మూడవ గేరులో ఒకసారి, నాలుగవ గేరులో ఒకసారి. గేరు మారితే ఇంజను వేగం మారుతుంది గాని, షాఫ్టు వేగం, చక్రాల వేగం మారవు. గేరు ఏదైనా అదురు అదే వేగంలో వస్తుంటే దోషం గేరుపెట్టెకు వెనుక ఉన్నదన్నమాట. గేరుతోపాటు అదురు మారితే ఇంజను, క్లచ్చి వైపు చూడాలి.

మూడవ పరీక్ష: అదురుతున్న వేగంలో ఆక్సిలేటరు వదలి, గేరు న్యూట్రలులో పెట్టి కొద్ది దూరం పోనివ్వండి. తాళం మాత్రం ఆపవద్దు. ఇంజను ఆగితే బ్రేకు బలం తగ్గుతుంది, స్టీరింగు తాళం పడే ప్రమాదం కూడ ఉన్నది. దిగుడు మీద ఈ పరీక్ష అసలు చేయరాదు. న్యూట్రలులో కూడ అదురు ఏమాత్రం తగ్గకుండా ఉంటే చక్రాలలో గాని, షాఫ్టు తూకంలో గాని లోపం ఉన్నది. న్యూట్రలు చేయగానే అణగిపోతే, బలం మోసేటప్పుడు మాత్రమే బయటపడే లోపం. అరిగిన క్రాసు, తప్పిన కోణం, పినియను బేరింగు, ఇంజను మౌంటింగులు ఈ కోవలోకి వస్తాయి.

నాలుగవ పరీక్ష: బండిని నిలిపి, చేతి బ్రేకు వేసి, న్యూట్రలులో ఇంజను వేగం పెంచండి. నిలిచివున్నప్పుడు కూడ అదే అదురు వస్తే షాఫ్టుకు, చక్రాలకు సంబంధం లేదు. ఇంజను మౌంటింగుల రబ్బరు చూపించండి. టాటా ఏస్ డీజిలు బండిలాగా రెండు సిలిండర్ల ఇంజను ఉన్నవి నిలిచివున్నప్పుడు కొంత అదరడం సహజం. కొత్తగా వచ్చిన మార్పు ఏమిటన్నదే చూచుకోవాలి.

ఇవిగాక బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే అదిరితే డ్రమ్ములు, డిస్కులు చూపించాలి. లోడుతో కదిలేటప్పుడు మాత్రమే గడగడలాడి, తరువాత సర్దుకుంటే క్లచ్చిగాని, సెంటర్ బేరింగు రబ్బరుగాని, వదులైన కమాను బోల్టులుగాని కావచ్చు. ముందుకు, వెనుకకు గేరు మార్చినప్పుడు 'ఠక్కు'మని కొట్టుకుంటే క్రాసులో, స్ప్లైనులో లేక క్రౌను పినియనులో ఆట పెరిగిందని గుర్తు. మెల్లగా పోతున్నప్పుడు పిచ్చుక కూసినట్లు కిచకిచమంటే క్రాసులో గ్రీజు ఎండిపోయిందని అనుమానించాలి.

రోడ్డు పరీక్ష అయింది. ఇక క్రిందికి చూడాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి క్రిందికి ఎవరూ పోవద్దు. చదును నేల మీద బండి నిలిపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని, నాలుగు చక్రాలకు ముందు వెనుకల రాళ్ళో, దిమ్మలో పెట్టండి. బండిని లేపవలసివస్తే చట్రం క్రింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పేర్చి పెట్టరాదు. ఇంజను నడుస్తుండగా షాఫ్టు దగ్గరికి పంచెతో, తువాలుతో, పైటకొంగుతో పోరాదు. చుట్టుకొనేదాకా తెలియదు, చుట్టుకొన్న తరువాత విడిపించుకొనే వ్యవధి ఉండదు.

పాత జీపులు ఉన్నవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. వాటిలో కొన్నింటికి చేతి బ్రేకు చక్రాల వద్ద ఉండదు, గేరుపెట్టె వెనుక షాఫ్టు మీదనే ఉంటుంది. అటువంటి బండికి షాఫ్టు ఊడదీస్తే చేతి బ్రేకు పనిచేయదు. గేరులో ఉంచినా బండి ఆగదు. ఏ బండికైనా సరే, షాఫ్టు విప్పిన తరువాత గేరు బండిని పట్టి ఉంచదు. చక్రాలకు రాళ్ళు పెట్టిన తరువాతనే బోల్టు మీద స్పానరు వేయాలి.

చూచేటప్పుడు ఖర్చులేని వాటితో మొదలుపెట్టండి.

మొదటిది మట్టి. తడి పొలంలోకి దిగి వచ్చిన బండి రిమ్ము లోపలి వైపున రేగడి మట్టి ఒకే ప్రక్కన అంటుకొని ఎండిపోతుంది. ఆ మట్టి చక్రం తూకాన్ని చెడగొడుతుంది. షాఫ్టుకు అంటిన మట్టి కూడ అంతే. షాఫ్టు చుట్టు తిరుగుడు ఎక్కువ కనుక కొంచెం బరువైనా పెద్ద అదురు పుట్టిస్తుంది. వరిగడ్డి, పురికొస, సంచి పీలికలు క్రాసుకు చుట్టుకొని ఉంటే కోసి తీసివేయండి. బండిని క్రింది వైపున శుభ్రంగా కడిగి, మళ్ళీ ఒకసారి తోలి చూడండి.

రెండవది టైర్లు. గాలి సరిచూచి, ఉబ్బు ఉన్నదేమో, ఒకచోట అరిగి ఒకచోట అరగకుండా ఉన్నదేమో చేతితో తడిమి చూడండి. చక్రాల నట్లు బిగించండి. వెనుక చక్రాలను ముందుకు మార్చి తోలితే అదురు కూడ వెనుకనుంచి స్టీరింగులోకి వస్తుందా చూడండి. వస్తే దోషం ఆ చక్రానిదే.

మూడవది క్రాసులు. షాఫ్టును ఒక చేత్తో, క్రాసుకు అవతలి కొమ్మును రెండవ చేత్తో పట్టుకొని, ఎదురెదురుగా మెలిపెట్టండి, పైకి క్రిందికి నెట్టండి. రెండు కొమ్ములు కలిసి కదిలితే ఆ ఆట హౌసింగు లోపలి పళ్ళది. కొంచెం ఆట అక్కడ ఉండవలసిందే. ఒక కొమ్ము నిలిచి, రెండవది కదిలితే ఆ ఆట క్రాసుది. క్రాసులో చేతికి తెలిసేంత ఆట ఉండరాదు. టోపీల చుట్టు ఎర్రని తుప్పు పొడి కనిపిస్తే సూది బేరింగులు ఎండి అరిగిపోతున్నాయని తెలుసుకోండి. అటువంటి క్రాసుకు గ్రీజు కొట్టి ప్రయోజనం లేదు, మార్చాలి.

నాలుగవది షాఫ్టు గొట్టం. రాయి తగిలి సొట్ట పడిందా చూడండి. గొట్టం మీద చిన్న ఇనుప బిళ్ళలు అతికించి ఉంటాయి. ఇవి ఫ్యాక్టరీలో తూకం కోసం వేసినవి. బిళ్ళ ఊడిపోయిన మచ్చ కనిపిస్తే ఆ షాఫ్టును తూకం వేయించవలసిందే. వంగిన షాఫ్టును సుత్తితో కొట్టి సరిచేయడం, తూకం యంత్రం లేనిచోట వెల్డింగు చేయించడం పనికిరాదు.

ఐదవది సెంటర్ బేరింగు, కమానులు. రబ్బరు చిట్లిందా, బేరింగు వ్రేలాడుతున్నదా చూడండి. కమాను కట్టను హౌసింగుకు బిగించే యూ-బోల్టులు వదులైతే, బండి లాగేటప్పుడు హౌసింగు మూతి పైకి ఎత్తుతుంది. క్రాసుల వద్ద కోణాల సమానత్వం తప్పుతుంది.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి. ఎక్కువ బరువు వేయడానికని చాలామంది అదనంగా కమాను పట్టీలు వేయిస్తారు. దానివల్ల ఖాళీ బండి వెనుక భాగం ఎత్తు పెరుగుతుంది. షాఫ్టు వాలు ఎక్కువై, క్రాసులు ఎప్పుడూ పెద్ద కోణంలో తిరుగుతాయి. లోడు వేసినప్పుడు హాయిగా ఉండి, ఖాళీగా వచ్చేటప్పుడు జుమ్మంటుంటే ఈ పట్టీలను మొదట అనుమానించండి. పట్టీ వేసినంత మాత్రాన బ్రేకులు గాని, టైర్లు గాని, హౌసింగు గాని ఎక్కువ బరువుకు తయారైనట్లు కాదు.

కిందటి రబీలో మా పరిధిలోని ఒక రైతు ఈ బాధే పడ్డాడు. టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలే బండి. 60 దాటితే అదురు. ఒక షెడ్డులో క్లచ్చి ప్లేటు మార్చారు, ఇంజను మౌంటింగులు మార్చారు. అదురు పోలేదు సరిగదా, వెనుకటి ఊగుడుకు తోడు జుమ్మనే మోత ఒకటి కొత్తగా వచ్చింది. "అయ్యా, బండి అమ్మేద్దామనుకొంటున్నా" అన్నాడు. పరీక్షలు చేసి చూస్తే గేరు ఏదైనా అదురు ఒకే వేగంలో వస్తున్నది. బండిని కడిగితే వెనుక రిమ్ము లోపల నుంచి ఎండిన రేగడి పెళ్ళ ఊడిపడింది. ఊగుడు పోయింది, మోత మిగిలింది. క్లచ్చి మార్చడానికి షాఫ్టు విప్పవలసివస్తుంది. తిరిగి బిగించేటప్పుడు స్ప్లైను గాడులు తప్పి కూర్చున్నాయి. రెండు కొసల కొమ్ములు ఒకే వరుసలో లేవు. విప్పి, వరుస కలిపి బిగిస్తే మోత కూడ పోయింది. రోగం మట్టిది. రెండవ రోగం వైద్యం తెచ్చిపెట్టినది. ఒక్క సామాను కొనకుండా రెండూ కుదిరాయి.

కాబట్టి షాఫ్టు విప్పే ముందు స్ప్లైనుకు ఇరుప్రక్కల, బోల్టు బిళ్ళలకు ఇరుప్రక్కల పెయింటుతో ఒకే గీత గీయించండి. చాలా షాఫ్టులకు బాణం గుర్తులు కూడ ఉంటాయి. తిరిగి బిగించేటప్పుడు గీతకు గీత, బాణానికి బాణం కలవాలి. స్ప్లైను రెండు క్రాసుల నడుమ ఉన్న షాఫ్టులకు ఇది తప్పనిసరి. షెడ్డులో ఉన్నది ఎవరైనా సరే, "గుర్తు పెట్టావా అబ్బాయీ?" అని అడగడానికి మొగమాటపడవద్దు.

నివారణ సంగతి. గ్రీజు నిపుల్ ఉన్న క్రాసులకు బండి పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం, నీళ్ళలో, బురదలో తిరిగినప్పుడు ఇంకా ముందుగానే గ్రీజు కొట్టాలి. నాలుగు టోపీల వద్దనుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. ఒక టోపీ వద్ద రాకపోతే ఆ దారి మూసుకుపోయిందన్నమాట. చెడేది ముందు అదే. నిపుల్ లేని సీలు క్రాసులకు గ్రీజు పని ఉండదు. ఆట వస్తే మార్చడమే.

ఆట వచ్చిన క్రాసుతో "ఈ సీజను గడవనీ" అని తోలవద్దు. ముందు వైపు క్రాసు విరిగితే షాఫ్టు ముందు కొస రోడ్డు మీద పడి, తారులో గుచ్చుకొని, బండిని ఎత్తి పడవేయగలదు. తిరుగుతున్న కొస బ్రేకు గొట్టాన్ని, డీజిలు టాంకిని కొట్టవచ్చు. వెనుక తొట్టిలో కూలీలు ఎక్కి ఉంటే ఏమి జరుగుతుందో మీరే ఊహించుకోండి. సరుకు బండిలో మనుషులను ఎక్కించనే కూడదు. క్రాసు అరిగిన బండి సరుకుకు కూడ పనికిరాదు.

ట్రాక్టరు ఉన్నవారికి కూడ ఈ పాఠం ఉపయోగిస్తుంది. రోటవేటరును త్రిప్పే పి.టి.ఒ. షాఫ్టుకు కూడ రెండు కొసల రెండు క్రాసులు ఉన్నాయి. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. కొమ్ముల వరుస, కోణాల సమానత్వం దానికీ వర్తిస్తాయి. పనిముట్టును బాగా పైకెత్తి త్రిప్పితే గడగడలాడడం కోణం పెరిగినందువల్లనే. దాని మీది ప్లాస్టిక్ తొడుగును తీసి పారవేయవద్దు. బట్ట చుట్టుకోకుండా కాపాడేది అదే.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. గ్రామ సమావేశాలలో విత్తనం, ఎరువుల సంగతులతోపాటు ఈ నాలుగు పరీక్షలు కూడ ఒకసారి చేసి చూపండి. ఒక పాత క్రాసును షెడ్డునుంచి తెచ్చి రైతుల చేతికివ్వండి. మంచి క్రాసు ఎట్లా తిరుగుతుంది, అరిగినది ఎట్లా గరగరలాడుతుంది, చేతితో త్రిప్పి చూచినవారు ఇక మరచిపోరు.

సోదరులారా, ఈసారి బండి అదిరినప్పుడు షెడ్డుకు పోయే ముందు ఒక కాగితం మీద అయిదు ముక్కలు వ్రాసుకొని పోండి: ఎంత వేగంలో, ఏ గేరులో, లోడుతోనా ఖాళీగానా, న్యూట్రలులో ఉన్నదా లేదా, ఈమధ్య ఏ పని చేయించారు. ఆ కాగితం చూచిన మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది. మీకు సగం ఖర్చు తగ్గుతుంది.